నీళ్ళలో వేసిన చెయ్యి

మొన్న చలికాలంలో ఆళ్ళగడ్డలో మూడు రోజుల ఉజ్జీవ కూటములకు మమ్మల్ని వాక్యపరిచర్యకు పిలిచారు. రెండవ రాత్రి 69వ కీర్తన తీసుకున్నాము. గొంతు దాకా నీళ్ళు వచ్చి, కాలు ఊనడానికి చోటు లేక దేవునికి మొరపెట్టిన భక్తుని కీర్తన అది. అప్పుల్లో ఉన్న రైతులు, రోగాలతో నలిగినవారు ఎదురుగా పట్టల మీద కూర్చుని ఉన్నారు. అలాంటప్పుడు చాలామంది బోధకులు చెప్పే ఒక ఉదాహరణ ఉంది. మేమూ ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాము.

అమెరికాలో ఒక శాస్త్రవేత్త ఒక ఎలుకను నీళ్ళ జాడీలో వేశాడు. అది పదిహేను నిమిషాలు ఈది మునిగిపోబోయింది. సరిగ్గా అప్పుడు చెయ్యి పెట్టి బయటికి తీశాడు. తుడిచి, కాసేపు సేదదీర్చి, మళ్ళీ నీళ్ళలో వేశాడు. ఈసారి అది అరవై గంటలు ఈదింది. ఎందుకు? ఒక చెయ్యి వస్తుందని దానికి తెలుసు గనుక. ఇక్కడికి రాగానే సభలో స్తోత్రాలు వినబడతాయి. ఆ రాత్రీ వినబడ్డాయి.

ముగింపు ప్రార్థన అయ్యాక, యవ్వనస్థులు పట్టలు చుడుతుండగా ఒక అమ్మాయి దగ్గరికి వచ్చింది. "వందనాలు అయ్యగారూ" అంది. ఆళ్ళగడ్డ అమ్మాయే. నంద్యాలలో ఒక కాలేజీలో ఎం.ఫార్మసీ చదువుతోంది, ఫార్మకాలజీ. ప్రార్థన చేయించుకోవడానికి వచ్చిందనుకుని తల మీద చెయ్యి పెట్టబోయాము.

"ఒక మాట అడగాల అయ్యగారూ. పైకి తీసిన చెయ్యి గురించి చెప్పినారు. నీళ్ళలో వేసిన చెయ్యి ఎవరిది?"

మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ అమ్మాయే చెప్పింది. తన థీసిస్ ఒక మొక్క ఆకుల సారం మీద. అది మానసిక కుంగుబాటుకు పనికొస్తుందేమో చూడాలి. అందుకు చిట్టెలుకలను నీళ్ళలో వేసి ఈదించే పరీక్ష, తోకతో వేలాడదీసే పరీక్ష, రెండూ చేయాలని గైడు చెప్పారట. "మీరు చెప్పే కథలో ఎలుక గెలుస్తాది. మా ల్యాబులో గెలవడం ఏమీ ఉండదు. ఎన్ని సెకన్లు కదలకుండా ఉందో రాసుకోవడమే. ఇది పాపమా అయ్యగారూ?"

ఉదయం చెబుతామమ్మా అన్నాము. ఉదయం కూడా చెప్పలేకపోయాము. తిరుగు బస్సులో ఆళ్ళగడ్డ రోడ్డు పక్క శిల్పుల పాకలు దాటుతున్నంతసేపు, సగం చెక్కిన బొమ్మలు వెనక్కి పోతుంటే, ఒకటే ఆలోచన. ఇరవై ఏళ్ళు చెప్పిన కథను ఒక్కసారైనా పూర్తిగా చదివామా? లేదు. మాకు ఇంకొక బోధకుడు చెప్పాడు, మేము ఇంకొందరికి చెప్పాము.

ఇంటికి వచ్చాక చదివాము. ఆ శాస్త్రవేత్త పేరు కర్ట్ రిక్టర్. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. ఆ వ్యాసం వచ్చింది 1957లో. ఆయన వెదికింది నిరీక్షణను కాదు, హఠాన్మరణానికి కారణాన్ని. ఎలుకలకు మీసాలు కత్తిరించి, గాజు జాడీల్లో వేసి, తేలి విశ్రాంతి తీసుకోకుండా పైనుండి నీటి ధార పెట్టాడు. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన ఎలుకలు 12. వాటిలో మూడు త్వరగానే చనిపోయాయి, తొమ్మిది 40 నుండి 60 గంటలు ఈదాయి. అంటే మనం చెప్పే ఆ అరవై గంటలు ఎవరూ రక్షించని ఎలుకలవి! బయట పట్టి తెచ్చిన ఎలుకలు 34. అవి ఇంకా బలమైనవి, కరిచేవి. ఆ 34 ఒకటి నుండి 15 నిమిషాల్లో చనిపోయాయి. ఆ తరువాత ఇలాంటి ఎలుకలనే కొన్నిసార్లు కాసేపు పట్టుకుని వదిలి, కొద్ది నిమిషాలు నీళ్ళలో ముంచి తీసి అలవాటు చేస్తే, అవి కూడా పెంపుడు ఎలుకలంతసేపూ ఈదాయని రాశాడు. నిరాశ తొలగితే చావవని ఆయన అభిప్రాయం. కథలో నిజం ఆ మేరకు ఉంది. కానీ 34 చావులను మేము ఏ సభలోనూ చెప్పలేదు.

ఇంకొక సంగతి మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది. వేదాంత విద్యలో మూడేళ్ళు దేవుని గుణలక్షణాలు చదువుకున్నవాళ్ళం. ఆ కథలో దేవుని స్థానంలో ఎవరిని నిలబెట్టాము? ఎలుకను ముంచి, గడియారం చూసి, తీసి, మళ్ళీ ముంచినవాణ్ణి. పేతురు మునిగిపోతూ కేక వేసినప్పుడు వెంటనే చాపబడిన చెయ్యి వేరు (మత్తయి 14). ఆ చెయ్యి మళ్ళీ నీళ్ళలోకి తోయలేదు. ఆళ్ళగడ్డలో పట్టల మీద కూర్చున్న ఆ రైతులకు మేము ఎలాంటి దేవుణ్ణి చూపించామో!

ఇక ఆ అమ్మాయి చేయవలసిన పరీక్ష సంగతి. రిక్టర్ తరువాత 20 ఏళ్ళకు, 1977లో, పోర్సోల్ట్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. ఎలుక బయటికి ఎక్కలేని గాజు సిలిండరులో నీళ్ళు పోస్తారు. మొదటి రోజు 15 నిమిషాలు, 24 గంటల తరువాత మళ్ళీ 5 నిమిషాలు. చిట్టెలుకలకైతే 6 నిమిషాలు, అందులో చివరి 4 లెక్కలోకి తీసుకుంటారు. అది గోడలు గీరుతుంది, చుట్టూ ఈదుతుంది, చివరికి ముక్కు మాత్రం పైకి పెట్టి కదలకుండా తేలుతుంది. ఆ కదలకపోవడానికి నిరాశ అని పేరు పెట్టారు. మందు ఇచ్చాక ఎక్కువసేపు పెనుగులాడితే మందు పనిచేసినట్టు. తోకకు టేపు అంటించి 6 నిమిషాలు తలకిందులుగా వేలాడదీసే పరీక్ష 1985లో వచ్చింది. చవక, సులువు, ఒక పూటలో ఫలితం. అందుకే మన దేశపు ఫార్మసీ కాలేజీల్లో మొక్కల సారాల మీద వచ్చే పరిశోధనా పత్రాల్లో ఈ రెండూ తరచుగా కనబడతాయి.

అయితే కదలకుండా ఉన్న ఎలుక నిరాశలో ఉందని ఎవరు చెప్పారు? బయటపడే దారి లేదని గ్రహించి, ఒళ్ళు అలసిపోకుండా తేలడం నేర్చుకుందని ఎందుకు అనుకోకూడదు? రెండవ రోజు ఇంకా త్వరగా తేలడం నిన్నటి పాఠం గుర్తుండటం కావచ్చు. ఇది మా బోటి పాస్టర్లు అంటున్న మాట కాదు. శాస్త్రవేత్తలే ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. కాఫీలో ఉండే కెఫీన్ ఇచ్చినా ఎలుక ఎక్కువ కదులుతుంది. కాఫీ కుంగుబాటుకు మందు కాదు గదా! మనిషికి ఈ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది, ఈ పరీక్షలో ఒకరోజులోనే ఫలితం కనబడుతుంది. ఇంకా విచిత్రం, ఫ్లూయోక్సెటీన్ లాంటి మాత్రలు నేడు లోకమంతా వాడుతున్నవి. పాత పద్ధతిలో ఎలుకల మీద చేసిన ఈ పరీక్ష ఆ తరగతి మందులను సరిగా పట్టుకోలేకపోయింది. 1990లలో పరీక్షనే మార్చుకోవలసి వచ్చింది.

అసలు మొదటి కుంగుబాటు మందులు దొరికింది ఎలా? 1950లలో క్షయ రోగులకు ఇచ్చిన ఇప్రోనియాజిడ్ వల్ల వారి మనసు తేలికపడటం వైద్యులు గమనించారు. స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ గుణాన్ని తన రోగులను దగ్గరుండి చూసి కనుగొన్నాడు. ఈ నీళ్ళ పరీక్ష పుట్టక ముందే, మనుషుల ముఖాలు చూసి కనుగొన్నవి అవి.

ఇలాంటిదే కుక్కల మీద జరిగింది. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెలిగ్మన్, మేయర్ అనేవారు తప్పించుకోలేని విద్యుత్ షాకులు ఇచ్చారు. ఆ తరువాత దారి చూపినా కొన్ని కుక్కలు కదలలేదు. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని సిద్ధాంతం చేశారు. అది మనస్తత్వశాస్త్ర పుస్తకాలన్నిటిలోకీ ఎక్కింది. దాదాపు 50 ఏళ్ళ తరువాత, 2016లో, వాళ్ళిద్దరే తమ సిద్ధాంతం తలకిందులుగా ఉందని రాశారు. కష్టంలో కదలకుండిపోవడం నేర్చుకున్నది కాదు, ప్రాణికి స్వతహాగా వచ్చేదే, తన చేతిలో ఏదో ఉందన్నది మాత్రం నేర్చుకునేదని వారి కొత్త మాట. తప్పును ఒప్పుకున్నందుకు వారిని మెచ్చుకోవాలి. ఆ కుక్కలకు మాత్రం దానితో పని లేదు.

కదలకపోవడాన్ని తప్పుగా చదివిన శాస్త్రవేత్తలను తప్పుబట్టే ముందు మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా సంఘంలో ఒక రైతు సోదరుడు పత్తి వేసి వరుసగా రెండేళ్ళు నష్టపోయాడు. మొదట్లో ప్రతి కుటుంబ ప్రార్థనలో ఏడ్చేవాడు, అప్పులవాళ్ళను తిట్టేవాడు, మా మీదా కోపపడేవాడు. తరువాత మెల్లగా నిమ్మళించాడు. ఆరాధనకు వచ్చి చివరి వరుసలో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు. దేవుడు అతనికి సమాధానం ఇచ్చాడని మేము వేదిక మీద నుండే స్తుతించాము. మూడు వారాలకు అతడు ప్రాణం తీసుకోబోయాడు. ఇంట్లోవాళ్ళు చూసుకోవడం వల్ల బతికాడు. డాక్టరు కుంగుబాటు అన్నారు, మాత్రలు రాశారు, నెలల తరబడి వాడాడు. నేడు సంఘంలోనే ఉన్నాడు, పాటలు గట్టిగా పాడతాడు. ఆళ్ళగడ్డ నుండి వచ్చాక అతణ్ణి అడిగాము, ఆ రోజుల్లో అంత నిశ్శబ్దంగా ఎందుకు ఉన్నావని. "మీరు బాగున్నావా అని అడిగి, నేను జవాబు చెప్పకముందే ముందు వరుసకు పోయేవారు అయ్యగారూ" అన్నాడు.

ల్యాబులో కదలకపోతే నిరాశ అని రాసుకున్నారు. మేము కదలకపోతే సమాధానం అని స్తుతించాము. మనిషిని నోరు తెరిచి అడగవచ్చు, ఆ సులువు మాకు ఉంది. అయినా అడగలేదు.

అతని మాత్రల సంగతి తలుచుకున్నప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఎలుకల మీద ప్రయోగాలన్నీ పాపమే అనేద్దామా? మా సంఘపెద్ద ఒకాయన పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. "అయ్యగారూ, బోదకాలు మాత్రలు మింగినప్పుడు మీకు ఎలుక గుర్తొచ్చిందా?" అన్నారు. గుర్తు రాలేదు. ఆయన చెప్పింది నిజం. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ సంస్థలో కనిపెట్టిన హెట్రజాన్ మందును, పురుగు సోకిన ఒక జాతి ఎలుకల మీద పరీక్షించారు. 1947 నాటి మాట. మన పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర అదే. ఆ ఎలుకలో ఉన్నది రోగమే, మందు ఆ రోగం మీదే పనిచేయాలి. అక్కడ ప్రశ్నకు, జవాబుకు సంబంధం ఉంది. నీళ్ళలో తేలే ఎలుకకు, అప్పుల రైతు గుండెకు ఉన్న సంబంధం మాత్రం మనం ఊహించుకున్నది. అందుకే మా మట్టుకు మాకు, మొదటిదాన్ని బాధతోనైనా ఒప్పుకుంటాము, రెండవదాన్ని మానేయవచ్చు అంటాము. అన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టడం సులువు. ఇంటర్ బైపీసీలో కప్పను మైనపు పళ్ళెంలో మేకులు కొట్టి కోసిన చేతులు ఇవి, అప్పుడు మాకు ఏ సందేహమూ రాలేదు. విశ్వవిద్యాలయాల్లో ఆ కోతలకు ముగింపు పలకమని యూజీసీ 2014లో చెప్పింది.

థీసిసుల్లో వాడే ఒక మాట ఆ అమ్మాయి ద్వారానే తెలిసింది. ప్రయోగం అయ్యాక జంతువును చంపితే చంపామని రాయరట. ఇంగ్లీషులో శాక్రిఫైస్ చేశామని రాస్తారట. అంటే బలి! ఆ మాట విని లేవీయకాండం మొదటి అధ్యాయం మళ్ళీ తీశాము. అక్కడ బలి తెచ్చినవాడు దూరంగా నిలబడటానికి వీల్లేదు. పశువు తల మీద తన చెయ్యి మోపాలి. ఆ వెచ్చదనం అరచేతికి తెలియాలి. ఎవరి కోసం ఏది పోతున్నదో వాడికి తెలిసి పోవాలి. నూర్చే ఎద్దుకు చిక్కం కట్టవద్దన్న ధర్మశాస్త్రం అదే. శత్రువు గాడిద బరువు కింద పడి ఉంటే చూసి పోవద్దన్నదీ అదే (నిర్గమకాండం 23). నీనెవె మీద దేవుడు జాలిపడినప్పుడు ఆయన లెక్కలో ఆ పట్టణపు పశువులు కూడా ఉన్నాయని యోనా గ్రంథపు చివరి వచనం చెబుతుంది. మేము యోనా మీద ఎన్నో ప్రసంగాలు చేశాము, చేప దగ్గరే ఎక్కువసేపు ఆగాము.

మన దేశపు చట్టం కూడా ఈ విషయంలో మరీ నిద్రపోలేదు. రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో 17వ సెక్షను ఉంది. పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో పని జరిగేచోట విద్యాసంస్థలు జంతువుల జోలికి పోకుండా చూడాలని దాని భావం. 1998 నియమాల తరువాత ప్రయోగాలు చేసే ప్రతి సంస్థకూ ఎథిక్స్ కమిటీ ఉండాలి. బి.ఫార్మసీ ప్రాక్టికల్సులో జంతు ప్రయోగాలను కంప్యూటరు మీద, వీడియోల్లో చూపించేలా సిలబస్ మారింది. ఎం.ఫార్మసీ పరిశోధనల్లోనే ఎలుకలు మిగిలాయి. ఆ ఎథిక్స్ కమిటీలో శాస్త్రవేత్త కాని, సమాజ స్పృహ ఉన్న ఒక సభ్యుడు కూడా ఉండాలని నియమం. నంద్యాల లాంటి ఊళ్ళో ఆ కుర్చీలో ఒక బడిపంతులు, ఒక న్యాయవాది, ఒక పాస్టరు ఎవరైనా కూర్చోవచ్చు. ఇంతకాలం ఆ కుర్చీ ఉన్నదని కూడా మాకు తెలియదు.

బయటి దేశాల్లో గాలి మారింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024లో ఈ నీళ్ళ పరీక్షను చట్టం ద్వారానే నిషేధించింది. బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని క్రమంగా తొలగించాలన్న ఉద్దేశాన్ని అదే ఏడాది ప్రకటించింది. పెద్ద మందుల కంపెనీలు కొన్ని తామే మానుకున్నాయి. మన దేశంలోనూ 2023లో మందుల నియమాలను సవరించి, జంతువులు అక్కరలేని పద్ధతులకు దారి తెరిచారు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆ అమ్మాయికి పంపాము. పాపమా కాదా అన్న ప్రశ్నకు మాత్రం ఇలా రాశాము: "అమ్మా, నీవు అడగకుండా చేసి ఉంటే మేము భయపడేవాళ్ళం. అడిగావు. ఇప్పుడు ఇదే ప్రశ్న మీ గైడు గారిని గౌరవంగా అడుగు. ఈ పరీక్ష లేకుండా నీ ప్రశ్నకు జవాబు రాదా అని అడుగు. మార్కులు పోతాయని భయముంటే అది కూడా దాచకుండా చెప్పు."

ఈస్టరు తరువాత ఒక శనివారం నంద్యాలలో మా గుడి ఆవరణలో వేపచెట్టు కింద కలిసింది. గైడు గారు కోప్పడలేదట. ఎగ్జామినర్లు అడుగుతారు, పత్రికలవాళ్ళు అడుగుతారు, అందరూ చేస్తున్నదే గదా అని మొదట అన్నారట. వారం తరువాత పిలిచి, ముందు గాజు గొట్టంలో ఎంజైము మీద ఆకు సారం పనిచేస్తుందో లేదో చూడు, అక్కడే పనిచేయకపోతే ఎలుకల దాకా పోనే అక్కరలేదు అన్నారట. ఆ పని నడుస్తోంది. ఫలితం వచ్చాక మళ్ళీ కమిటీ ముందుకు వెళ్ళాలి. తోక పరీక్ష మాత్రం తీసేశారు. నీళ్ళ పరీక్ష సంగతి ఇంకా తేలలేదు.

అమ్మగారు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు ఆ అమ్మాయి.

"ఒకటి చెప్పలేదు అయ్యగారూ. ఆళ్ళగడ్డలో మిమ్మల్ని అడగక ముందే, కమిటీ పర్మిషన్ వచ్చిన మొదటి బ్యాచి ఆరు చిట్టెలుకలతో ఒకసారి చేసినాను. చెయ్యి నాదే."

మేము ఏమీ అనలేదు. తల మీద చెయ్యి పెట్టాము, ప్రార్థన మాటలు రాలేదు.

"ఐదు తేలినాయి. నాలుగోది మాత్రం తేలలేదు. ఆరు నిమిషాలూ గోడ గీరుతానే ఉన్నింది. కదలకుండా ఉన్న సెకన్లు రాయాల కదా, దానికి సున్నా వేసినాను."

మజ్జిగ తాగి, గ్లాసు కడిగి పెట్టి, మూడు గంటల ఆళ్ళగడ్డ బస్సుకు వెళ్ళిపోయింది.